దుకాణం నడుపుతూ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం: నా అనుభవం, ఒక లెక్క



కిందటిసారి స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించిన రోజున మార్కుల జాబితాలు, ఆదాయ ధ్రువపత్రాలు సరిచూసే పని నాకు అప్పగించారు. బ్యాంకులో 38 సంవత్సరాలు గుమాస్తాగా చేసినవాడికి ఇంతకంటే అలవాటైన పని ఉండదు. ఆ వరుసలో బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి, అతని తల్లిగారు వచ్చారు. తండ్రి లేరు. తల్లి జాకెట్లు కుట్టే చిన్న దుకాణం నడుపుతున్నారు. కాలేజీ అయ్యాక అబ్బాయి అక్కడే కూర్చుని గిరాకీ చూసుకుంటాడు. రాత్రిళ్ళు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. దరఖాస్తులో అభిరుచులు రాసే చోట "మృదంగం" అని రాసి, మళ్ళీ గీత పెట్టి కొట్టేసి ఉంది. ఎందుకు కొట్టేశావని అడిగాను. "టైము చాలడం లేదండి. మానేశాను" అన్నాడు.

వెళ్ళేటప్పుడు ఆ తల్లి ఒక్క నిమిషం ఆగి, "బాబుగారూ, మీరు కూడా దుకాణం చూసుకుంటూ ఈ వయసులో ఆ కంప్యూటరు పని నేర్చుకున్నారట కదా. వీడు మృదంగం మానేసింది మంచిదేనంటారా?" అని అడిగారు. వరుసలో ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. తర్వాత చెబుతానమ్మా అన్నాను. అది ఇప్పుడు రాస్తున్నాను. మన పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి కనుక అందరికీ పనికొస్తుందని అనుకుంటున్నాను. మధ్యలో ఒక చిన్న లెక్కల పాఠం కూడా ఉంది. దాన్ని దాటవేయవద్దని విద్యార్థులకు మనవి.

మాది బరంపురం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా తాతల నాటి నుంచి ఇక్కడే. నేను 1979లో బ్యాంకులో చేరినప్పుడు అన్నీ చేతి లెడ్జర్లే. రిజర్వు బ్యాంకు 1983లో డాక్టర్ సి. రంగరాజన్ గారి అధ్యక్షతన వేసిన కమిటీ మరుసటి సంవత్సరం నివేదిక ఇచ్చాక, శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు మెల్లమెల్లగా వచ్చాయి. ఆ తర్వాత కోర్ బ్యాంకింగ్ వచ్చింది. మొదట్లో ఉద్యోగాలు పోతాయని భయపడ్డాం, తర్వాత అలవాటు పడ్డాం. కానీ ఆ యంత్రం లోపల లెక్క ఎలా జరుగుతోందో మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ కుతూహలం నాలో మిగిలిపోయింది.

2017లో పదవీ విరమణ చేశాను. అప్పటికే మా ఆవిడ ఇంటి ముందు గదిలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళ వ్యాపారం నడుపుతోంది. మా ఊరి అప్పడాలకు పేరుంది కాబట్టి గిరాకీకి లోటు లేదు. నలుగురు ఆడవాళ్ళు వచ్చి ఒత్తుతారు. హోటళ్ళకు, కిరాణా కొట్లకు సరుకు వేయడానికి ఒక కుర్రవాడు ఉండేవాడు. ఆ వ్యాపారం నేను నడుపుతున్నానని బయట చెబుతుంటాను గానీ ఇంట్లో ఆ మాట అనను. నా వంతు లెక్కలు రాయడం, సాయంత్రం గల్లా సరిచూడటం.

ఇవి కాక నాకు హార్మోనియం ఉంది. కాలేజీ రోజుల నుంచి నాటక పద్యాలకు వాయిస్తున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు మా ఇంటికి వచ్చి పద్యాలు పాడతారు, నేను వాయిస్తాను. వీధిలో పిల్లలు ముగ్గురు వచ్చి కూర్చునేవారు. బడిలో ఒరియా, ఇంగ్లీషు, ఇంట్లో టీవీ. వారంలో వాళ్ళు తెలుగు పద్యం వినేది ఆ ఒక్క గంటే.

ప్రోగ్రామింగ్ 2018 వానాకాలంలో మొదలుపెట్టాను. వానలు పడితే అప్పడాలు ఆరవు, పని సగానికి పడిపోతుంది. మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, పైథాన్ అనే భాష తేలిక, ఉచితంగా దొరుకుతుంది, దానితో మొదలుపెట్టు నాన్నా అంది. దీన్ని హాలండ్ దేశస్థుడైన గిడో వాన్ రోసమ్ తయారుచేసి 1991లో విడుదల చేశాడు. ఆ పేరు పాముది కాదు, ఆయనకు ఇష్టమైన ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమానిది. ఇది తెలిశాక నాకు ఆ భాష మీద కొంత భయం తగ్గింది.

ఇక్కడ నేను చేసిన తప్పు దాచను. పాఠాలు ఎక్కడ దొరికితే అక్కడ చూశాను. అంకె ఊహించే ఆట, పంచాంగంలా తేదీలు చూపించే ప్రోగ్రాము, రంగుల బొమ్మలు. చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉండేది. మూసి పక్కన పెట్టి నా అంతట నేను నాలుగు వరుసలు రాయబోతే ఒక్కటీ వచ్చేది కాదు. అందుకని ఇంకా ఎక్కువసేపు కూర్చున్నాను. రాత్రి ఒంటిగంట, రెండు. అప్పడాల పిండి పని తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది కాబట్టి నిద్ర మూడు గంటలకు దిగింది. ఎక్కడో ఒకచోట టైము మిగల్చాలి కదా అని నవంబరులో ఆదివారం హార్మోనియం ఆపేశాను. మాస్టారు రెండు వారాలు వచ్చి, నేను తెర ముందు నుంచి లేవకపోవడం చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. మూడో వారం రాలేదు. పిల్లలూ మానేశారు. అది నష్టమని అప్పుడు నాకు తోచలేదు. పెద్ద పని కోసం చిన్న పని వదిలానని గొప్పగానే అనిపించింది.

2019 మార్చి నాటికి దుకాణం లెక్కకు ఒక ప్రోగ్రాము తయారుచేశాను. చీటీల్లోని మొత్తాలు ఎక్కిస్తే ఆ రోజు గల్లాలో ఎంత ఉండాలో చెబుతుంది. అది మొదటిసారి సరిగ్గా చెప్పిన రోజు వీధిలో అందరికీ చూపించాను. ఇక కాగితం పుస్తకం అక్కరలేదు అన్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా తన పుస్తకం తాను రాసుకుంటూనే ఉంది.

ఏప్రిల్‌లో ఠాకురాణీ యాత్ర వచ్చింది. మా ఊళ్ళో అది రెండేళ్ళకొకసారి వస్తుంది, ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. హోటళ్ళకు అప్పడాలు ఎన్ని వేసినా చాలవు. ఒక రాత్రి లెక్క చూస్తే, తెర మీద ఉండాల్సిన దానికన్నా గల్లాలో 270 రూపాయలు తక్కువ ఉంది. మూడుసార్లు నోట్లు లెక్కపెట్టాను. అదే తేడా. ఆ రోజు బయటి వసూళ్ళన్నీ కుర్రవాడే చేశాడు. మర్నాడు ఉదయం దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉండగానే అతన్ని అడిగాను. "నేను తీయలేదండి తాతగారూ, ఎంతిచ్చారో అంతే తెచ్చాను" అన్నాడు. నేను ఊరుకోలేదు. జేబులు చూపించమన్నాను. చూపించాడు. ఇరవై రూపాయల నోటు ఒకటి, సైకిలు తాళంచెవి ఒకటి ఉన్నాయి. సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పదిహేడేళ్ళ పిల్లవాడు.

ఆరు రోజుల తర్వాత మా ఆవిడ తన పుస్తకం, చువ్వకు గుచ్చిన చీటీలు ముందు పెట్టుకుని కూర్చుంది. "ఏమండీ, ఈ హోటలువాళ్ళది 360. మీ కంప్యూటర్లో ఎంతుందో చూడండి" అంది. నేను ఎక్కించింది 630.

తప్పు ప్రోగ్రాముది కాదు. నేనిచ్చిన అంకెలను అది సరిగ్గానే కూడింది. అంకె తిప్పి కొట్టింది నేను. అంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. అది చెప్పాలంటే ముందు పాఠం చెప్పాలి.

చేతి లెడ్జర్ల కాలంలో బ్యాలెన్సింగ్ రోజున తేడా వస్తే మా హెడ్ క్లర్కు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "తొమ్మిదితో పోతోందా?" రెండంకెల సంఖ్యలో పదుల స్థానంలో క, ఒకట్ల స్థానంలో చ ఉన్నాయనుకోండి. దాని విలువ 10క + చ. తొందరలో అంకెలు తారుమారై రాస్తే 10చ + క అవుతుంది. రెండింటి తేడా 9క − 9చ, అంటే 9 × (క − చ). ఏ అంకెలైనా సరే, పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. వందలు, పదులు తారుమారైతే అదే లెక్క పదిరెట్లు, 90 × (క − చ). 270ని 90తో భాగిస్తే 3. అంటే వందల అంకెకూ పదుల అంకెకూ 3 తేడా ఉన్న పద్దు ఏదో వెతకాలి. 630లో 6కూ 3కూ తేడా 3. చీటీల కట్టలో అలాంటి పద్దు కోసం వెతకడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంకా రెండు సూత్రాలు మాకు ఉండేవి. సున్న ఒకటి ఎక్కువ పడితే, అంటే 45 బదులు 450 రాస్తే, తేడా 405. అదీ 9తో పోతుంది, భాగిస్తే అసలు పద్దు 45 బయటికి వస్తుంది. తేడా సరి సంఖ్య అయితే దాన్ని సగం చేసి, ఆ మొత్తం జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడిందేమో చూడాలి. అటుది ఇటు పడితే తేడా రెట్టింపు అవుతుంది కదా. కామర్స్ విద్యార్థులకు ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు ఈ మూడూ ఇప్పటికీ పనికొస్తాయి. అయితే జాగ్రత్త, 9తో పోయిన ప్రతి తేడా తారుమారు వల్లే వచ్చిందని కాదు. ఏ కారణం లేకుండా కూడా ప్రతి తొమ్మిది సంఖ్యల్లో ఒకటి 9తో పోతుంది.

అర్ధ సంవత్సరపు క్లోజింగ్ రాత్రుల్లో ఎన్ని వందల తేడాలు ఇలా పట్టుకున్నానో లెక్కలేదు. మా శాఖలో ఎక్కడ తేడా వచ్చినా నన్ను పిలిచేవారు. అలాంటివాడికి 270 అన్న అంకె కళ్ళ ముందు కనిపించినా 9 గుర్తు రాలేదు. ఐదు నెలలుగా సరైన నిద్ర లేదు. తెర మీద అంకె వచ్చింది కాబట్టి అదే నిజమనుకున్నాను. కాగితం మీద అదే తేడా వచ్చి ఉంటే ముందు నా రాతనే అనుమానించేవాణ్ణి.

ఆ సాయంత్రమే కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. తల్లి గుమ్మంలోకి వచ్చింది. తప్పు నాదేనని చెప్పి, ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చాను. తీసుకుంది. "డబ్బుకేముంది బాబూ. నలుగురి ముందు జేబులు తిప్పించారు, ఇంక ఆ వీధిలో ఎలా నడుస్తాడు?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆనాడు దుకాణంలో ఉన్న ఇద్దరు గిరాకీల ఇళ్ళకూ వెళ్ళి జరిగింది చెప్పాను. కుర్రవాడు మాత్రం పనిలోకి తిరిగి రాలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. రోడ్డు మీద కనబడితే నమస్కారం పెడతాడు. మా గుమ్మం ఎక్కడు.

కంప్యూటరు అమ్మాయికి తిరిగి పంపేస్తానన్నాను. "మీరు మానేస్తే ఆ పిల్లాడు వెనక్కి వస్తాడా? ఇంకోసారి ఇలా జరగకుండా చూడండి" అంది మా ఆవిడ. అప్పటినుంచి నేను నేర్చుకున్న పద్ధతి మారింది.

ముందు ఒక వారం రోజులు కాలానికి జమా ఖర్చు రాశాను. నోటుబుక్కులో పావుగంటకొక గీత. నిద్రకు ఇంత, దుకాణానికి ఇంత, పూజకు ఇంత అని. టైము లేదు, టైము లేదు అంటున్న నేను రోజుకు గంటా నలభై నిమిషాలు ఫోనులో వార్తలు, వీడియోలు చూస్తున్నానని తేలింది. హార్మోనియం వారానికి తీసుకునేది ఒకటిన్నర గంట. ఆ ఒకటిన్నర గంటను ఆపి నేను మిగిల్చుకున్నది ఏమీ లేదు. పిల్లలూ, మీరూ ఈ పుస్తకం ఒక వారం రాయండి. ఎవరికీ చూపించనక్కరలేదు.

ప్రోగ్రామింగుకు ఉదయం పిండి పని అయ్యాక, దుకాణం తెరిచే ముందు నలభై నిమిషాలు పెట్టుకున్నాను. రాత్రి తొమ్మిది దాటాక ల్యాప్‌టాప్ తెరవను. రోజూ నలభై నిమిషాలు, ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు, ఈ రెండూ చేసి చూశాను. ఆదివారం నేర్చుకున్నది వచ్చే ఆదివారానికి సగం మరిచిపోయేవాణ్ణి. యువకులకు జ్ఞాపకశక్తి నాకన్నా మెరుగే అయినా పెద్ద తేడా ఉంటుందనుకోను. మాఘం నుంచి ఆవకాయ రోజులు ముగిసేదాకా మాకు ఎండల పని. ఆ నెలల్లో కొత్త పాఠం ఏదీ పెట్టుకోను, రాసినదాన్నే సరిచూసుకుంటాను. కొత్తవి వానాకాలంలో. మీ ఇంట్లో బట్టల కొట్టు అయితే పండుగల ముందు, పుస్తకాల కొట్టు అయితే జూన్‌లో, ఇలా ఏ వ్యాపారానికి ఆ ఋతువు ఉంటుంది. చదువుకు పరీక్షలు ఉన్నాయి. నెలలన్నిటికీ ఒకే టైంటేబుల్ గోడకు అంటిస్తే మూడో వారానికి అది చిరిగిపోతుంది.

ఆటలూ బొమ్మలూ వదిలి, దుకాణానికి కావలసిన ఒక్క పనినే పట్టుకున్నాను. అది తేడా వెతికే ప్రోగ్రాము. మొదట కంప్యూటర్ మూసి, తెలుగులోనే కాగితం మీద రాశాను. ఇదుగో అది: తేడా ఎంతో అడుగు. దాన్ని 9తో భాగించు. శేషం సున్న కాకపోతే "తారుమారు కాదు" అని చెప్పి ఆగు. సున్న అయితే మొదటి పద్దు తీసుకో. దానిలో పక్కపక్కనున్న రెండేసి అంకెలను తారుమారు చేసి చూడు. అలా చేస్తే పద్దు ఎంత తగ్గిందో, లేదా పెరిగిందో, అది మన తేడాతో సమానమైతే ఆ పద్దును తెర మీద చూపించు. తర్వాతి పద్దుకు వెళ్ళు. పద్దులన్నీ అయ్యేదాకా ఇలాగే చెయ్యి.

ఇంతే. "అయితే" అన్నచోట ఇఫ్, "పద్దులన్నీ అయ్యేదాకా" అన్నచోట ఫర్ లూప్ వస్తాయి. శేషం కోసం పైథాన్‌లో శాతం గుర్తు వాడతారు: తేడా % 9. ఇది పూర్తిచేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. కాలేజీ పిల్లలకు ఒక మధ్యాహ్నం చాలు. కానీ ఐదు నెలల వీడియోలు నేర్పని ఇఫ్, ఫర్ నాకు ఆ పదకొండు రోజుల్లో వచ్చేశాయి. ఎందుకంటే జవాబు ఎలా ఉండాలో నాకు ముందే తెలుసు. 270 ఇస్తే అది 630ని చూపించాలి, చూపించకపోతే రాసింది తప్పు. దర్జీ కొట్టులో పెరిగిన పిల్లవాడికి గుడ్డ కొలతలు తెలుసు, కిరాణా కొట్టులో పెరిగినవాడికి బస్తా ధరకూ కిలో ధరకూ ఉన్న సంబంధం తెలుసు. మీకు జవాబు తెలిసిన లెక్కతోనే మొదలుపెట్టండి.

డబ్బు లెక్క చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. పైథాన్‌ను 0.1కి 0.2 కలపమని అడగండి. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ లోపల అన్నీ 0, 1 అంకెలతోనే రాస్తుంది. మన పద్ధతిలో మూడో వంతును 0.333 అని ఎంత దూరం రాసినా పూర్తికానట్టే, దాని పద్ధతిలో పదో వంతు పూర్తికాదు. అందుచేత రూపాయలను దశాంశాల్లో ఉంచకుండా అన్నిటినీ పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యలుగా కూడి, చివర 100తో భాగించి చూపించాలి. పన్నెండు రూపాయల యాభై పైసలు అంటే 1250. మా చిన్నప్పుడు అణాపైసల లెక్కలు చేసిన పెద్దలు వింటే నవ్వుతారు.

అంకెలు తారుమారు కావడం మా శాఖలోని జబ్బే కాదు. మీ ఇంట్లో ఏటీఎం కార్డు మీది చివరి అంకె ఇలాంటి పొరపాట్లను పట్టుకోవడానికే ఉంది. ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అనే ఆయన 1954లో ఆ పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 0, 9 పక్కపక్కన ఉండి తారుమారైనప్పుడు తప్ప మిగిలిన అన్ని పక్కపక్క తారుమార్లనూ అది పట్టుకుంటుంది. ఆధార్ సంఖ్య చివరి అంకెకు వాడిన వెర్హోఫ్ పద్ధతి ఆ ఒక్కదాన్ని కూడా వదలదు. మన దుకాణాల జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రానివి. ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, యానాం ఉన్న పుదుచ్చేరికి 34. చివరి అక్షరం సరిచూసుకోవడానికి. కొంత నేర్చుకున్నాక వీటికి ప్రోగ్రాము రాయడం మంచి అభ్యాసం. అయితే ఇంట్లోవాళ్ళ కార్డు నంబర్లు ఎవరి కంప్యూటర్లోనూ ఎక్కించకండి, కల్పించిన అంకెలు చాలు.

మూడు నెలలపాటు కాగితం పుస్తకం, కంప్యూటర్ రెండూ నడపండి. మా బ్యాంకు కంప్యూటర్లకు మారినప్పుడు కూడా చేతి లెడ్జర్లు వెంటనే మూయలేదు, రెండూ రాసి రోజూ పోల్చాం. రెట్టింపు పని అని అప్పట్లో విసుక్కున్నాం. మా ఆవిడ ఎవరూ చెప్పకుండానే అదే చేసింది.

ఇక హార్మోనియం. ఐదు నెలల తర్వాత పెట్టె తెరిస్తే బెల్లోసు తోలును ఒక మూల చిమ్మట కొట్టింది. రెండు రీడ్లు పలకలేదు. పలచని కాగితం ముక్క ఇత్తడి రీడ్ కిందికి దూర్చి మెల్లగా లాగితే దుమ్ము వచ్చి ఒకటి పలికింది. రెండోదానికి మనిషిని పిలవాల్సి వచ్చింది. మాస్టారి ఇంటికి నేనే వెళ్ళాను. "ఏమోయ్, సాఫ్ట్‌వేర్ కంపెనీ సెలవిచ్చిందా?" అన్నారు. ఆ ఆదివారమే వచ్చారు. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు తిరిగి వచ్చారు. మూడోవాడు రాలేదు. అప్పటికి రెండు పద్యాలు తప్పు లేకుండా పాడేవాడు వాడే.

హార్మోనియం వాయిస్తే ప్రోగ్రాములు బాగా వస్తాయని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళున్నారు, నాకైతే ఆ సంబంధం కనబడలేదు. పద్యానికి శ్రుతి పట్టుకుని కూర్చున్నప్పుడు దుకాణం గుర్తుండదు, పైథాన్ గుర్తుండదు. నాకు అది చాలు. తల్లిదండ్రులకు ఒక మనవి: పిల్లల వ్యాపకాన్ని "దీనివల్ల ఏం లాభం" అని నెలనెలా అడగకండి. పరీక్షల్లో, వ్యాపారం ఒత్తిడిలో గంటను అరగంట చేయమనండి, ఒక వారం ఆపమనండి. పూర్తిగా మానేస్తే మళ్ళీ మొదలుపెట్టడానికి ఎంత పడుతుందో నేను చెల్లించి తెలుసుకున్నాను. మన ఊళ్ళలో దాన్ని నమ్ముకుని ఇంకెవరైనా కూర్చుని ఉండవచ్చు కూడా.

విద్యార్థులకు ఒక లెక్క. ఒక రోజు పుస్తకంలో ఐదు పద్దులున్నాయి: 128, 471, 82, 315, 93. మొత్తం 1089. గల్లాలో ఉన్నది 1035. తేడా 54, పుస్తకంలో ఎక్కువ. 54 తొమ్మిదితో పోతుంది. పైన చెప్పిన ప్రోగ్రాము రాసి, లేదా చేత్తోనే చేసి, తప్పు ఏ పద్దులో ఉందో వెతకండి. తారుమారు చేస్తే 54 తగ్గే పద్దులు ఒకటి కాదు, మూడు దొరుకుతాయి: 471, 82, 93. ఆ మూడింటిలో తప్పు ఏదో ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. చీటీలు తీసి చూడాల్సిందే. నా ప్రోగ్రాము ఇప్పుడు పద్దులు చూపించాక "చీటీ చూడు" అన్న మాట కూడా తెర మీద వేస్తుంది. ఆ వరుస నేను తర్వాత చేర్చాను.

అమ్మా, మీరు అడిగినదానికి: అబ్బాయి చేత వారం రోజుల పుస్తకం రాయించండి. అందులో ఒక గంట తప్పకుండా దొరుకుతుంది. ఆ గంట మృదంగానికి ఇవ్వండి, ఆ సమయంలో మీరు దుకాణంలో కూర్చోలేకపోతే తలుపు దగ్గరగా వేసేయండి. మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు పద్యాలు, తర్వాత కీర్తనలు ఉంటాయి. కీర్తనలకు మృదంగం లేదు. మాస్టారి శ్రుతి ఒకటిన్నర. అబ్బాయి మృదంగం ఆ శ్రుతికి కుదిరితే తెచ్చుకోమనండి.